బీరువా తాళం తీయండర్రా

ఆ ఫోను కాసేపు పక్కన పెట్టండర్రా, పెద్దవాణ్ణి ఒక మాట చెబుతాను. పల్లెటూరి పిల్లలకి ఇప్పుడు బొమ్మల పుస్తకాలు ఉచితంగా ఇస్తున్నారట. అదీ ఒక రకం కాదు. గూడెం పిల్లల కథలు, సాయిబుల ఇళ్ల కథలు, చూపు లేని పిల్ల కథ, అమ్మ ఒక్కతే పెంచే పిల్లాడి కథ, ఇంకా మనమెప్పుడూ చూడని దేశాల కథలు. మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ అవి ఎలా ఉన్నాయో చూద్దామని బడికి వెళితే నాకు కనపడింది పుస్తకం కాదు, బీరువా. హెడ్మాస్టరుగారి గదిలో ఇనప బీరువా, దానికి తాళం. తాళంచెవి ఉన్న మేష్టారేమో డిప్యుటేషన్ మీద వేరే ఊరు వెళ్లారు. అద్దంలోంచి లోపలికి తొంగి చూస్తే అట్టపెట్టెలకి బిగించిన ప్లాస్టిక్ పట్టీ కూడా తెంపలేదు.

తాళం ఎందుకయ్యా అని అడిగితే, పిల్లలు చింపేస్తారండీ అన్నాడు అక్కడున్న కుర్ర మేష్టారు. చింపుతారు మరి! చింపకపోతే వాళ్లు పిల్లలెలా అవుతారు? పుస్తకం పోతే స్టాకు రిజిస్టరులో లెక్క తేలదు, లెక్క తేలకపోతే తన జీతంలోంచి కోస్తారేమోనని అతని భయం. అతన్ని నేనేమీ అనను. ఆ భయం పెట్టినవాళ్లని మాత్రం నాలుగూ అంటాను, ఇవాళ అంటాను, రేపూ అంటాను. పుస్తకాలు దాచిపెట్టడానికి కాదు, వాడుకోవడానికని రంగనాథన్ గారు 1931లోనే గ్రంథాలయ శాస్త్రానికి మొదటి సూత్రంగా రాసిపెట్టారు. దేశంలో గ్రంథాలయ శాస్త్రం చదివిన ప్రతివాడూ పరీక్షలో దాన్ని రాసే ఉద్యోగం సంపాదించుకున్నాడు. రాసిన చేత్తోనే వెళ్లి తాళం వేస్తే ఏం చెప్పాలి?

మా వైపు పుస్తకాలు పడవలో వచ్చేవంటే మీరు నమ్మరు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా పశ్చిమ డెల్టా కాలవ మీద, పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా, పడవ గ్రంథాలయం నడిపించారు. అప్పటికి నేను పుట్టలేదు. మా నాన్న చెప్పగా విన్నదే, అయినా అది నా కళ్లారా చూసినట్టే ఉంటుంది నాకు. ఆ రోజుల్లో బస్సులెక్కడివి? రోడ్లెక్కడివి? వానాకాలం వస్తే మోకాటి లోతు రేగడి బురద. ధాన్యం బస్తాలూ, కిరసనాయిలు డబ్బాలూ, పెళ్లివారూ, పురిటికొచ్చిన ఆడపిల్లలూ అందరూ కాలవ మీదే. గట్టు మీద మనుషులు తాడు భుజానేసుకుని లాగుతుంటే పడవ నింపాదిగా వెళ్లేది. అదే దారిన పుస్తకాలూ వచ్చేవి. రేవులో పడవ ఆగితే చదివేసిన పుస్తకం ఇచ్చేసి కొత్తది పుచ్చుకునేవాళ్లు. మా నాన్న పొలం నుంచి వస్తూ వస్తూ కాళ్లు కడుక్కోవడానికి రేవులో దిగి, ఆ తడి కాళ్లతోనే పడవలోకి తల పెట్టి, ఏమండీ ఆ రెండో భాగం వచ్చిందా అని అడిగేవాడట. ఆయన చదువు నాలుగో తరగతి. రెండో భాగం రాలేదంటే ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదని మా నాయనమ్మ తిట్టిపోసేది.

పడవొక్కటే కాదు. అంతకు నాలుగేళ్ల ముందే, 1931లో, అప్పటి తంజావూరు జిల్లా మన్నార్‌గుడి దగ్గర ఎద్దుబండి మీద పుస్తకాలు పెట్టి ఊళ్లు తిప్పారు. ఎద్దులూ, తెడ్లూ, మనుషుల భుజాలూ, ఇవే కదా అప్పుడున్నవి! ఇప్పుడు మీకు ఊరి మధ్య దాకా సిమెంటు రోడ్డుంది, గంటకో ఆటో ఉంది, పొద్దున నొక్కితే సాయంత్రానికి చెప్పుల జత ఇంటికొస్తోంది. పుస్తకం మాత్రం మండల కేంద్రం దాకా వచ్చి, అక్కడ గదిలో ఆర్నెల్లు నిద్రపోయి, తర్వాత బడి బీరువాలోకి మారి మళ్లీ నిద్రపోతోంది. ఇదేమి వేగంరా నాయనా?

అసలు మన ఆంధ్రదేశంలో గ్రంథాలయాలు ప్రభుత్వం ఇస్తే వచ్చినవి కావు. 1914 ఏప్రిల్‌లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో కూడి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నారు. అయ్యంకి వెంకటరమణయ్య గారనే ఆయన, పాతికేళ్లు నిండని కుర్రాడప్పటికి, దాన్ని తలకెత్తుకున్నారు. గ్రంథాలయ యాత్రలని పేరు పెట్టి ఊరూరా తిరిగారు. ఆ వయసుకి మీరేం చేస్తున్నారో నేనడగను, బాగుండదు. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత స్థాయిలో మొదటి గ్రంథాలయ మహాసభ జరగడం వెనకా మనవాళ్లే ఉన్నారు. అందుకే ఆ రోజు నుంచి గ్రంథాలయ వారోత్సవాలు. నెహ్రూ గారి పుట్టినరోజూ అదే, పిల్లల పండగ. రెండు పండగలు ఒకే రోజు వచ్చాయి కదా, పిల్లల చేతిలో పుస్తకం పెట్టడానికి అంతకంటే మంచి రోజేముంటుంది? మరి ఏం చేస్తున్నారు? ఫ్లెక్సీ కడుతున్నారు. మైకు పెడుతున్నారు. పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టి పుస్తకం గొప్పదనం గురించి గంటసేపు ఉపన్యాసం. ఆ గంటలో నాలుగు పుస్తకాలు చదివేవాళ్లు కదరా!

మా ఊరి గ్రంథాలయం అంటే ఒక అరుగు, ఒక గది, రెండు చెక్క బీరువాలు. సాయంత్రం దీపాల వేళ తీసేవారు. చూసేవారు ఒక పెద్దాయన, కంటి జబ్బు చేసి వ్యవసాయం మానుకున్న మనిషి. జీతం లేదు. ఆయనకి ఎవరికే పుస్తకమివ్వాలో తెలుసు. ఫలానా వాడు దయ్యాల కథలంటే చెవి కోసుకుంటాడనీ, ఫలానా వాడికి బొమ్మలుంటే గానీ పుస్తకం పట్టడనీ, ఫలానా వాడు చదవకుండా పుస్తకం తలకింద పెట్టుకుని పడుకుంటాడనీ అన్నీ తెలుసు. తిరిగిచ్చేటప్పుడు కథ చెప్పమనేవారు. చూపు ఆనదు కదా, ఆయన చదువుకోలేరు. అందుకని మేము చెబితే విని సంతోషించేవారు. ఆయన కోసమైనా మేము చదవాల్సొచ్చేది.

చిరిగిన పుస్తకాలకి వైద్యం కూడా అక్కడే. మైదాపిండి ఉడకబెట్టి అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేవారు, పురుగు పట్టకుండా. దబ్బనంతో మూడు చోట్ల పొడిచి, పురికొస మైనానికి రాసి కుట్టి, పైన సిమెంటు బస్తా కాగితం అట్ట వేసేవారు. ఆ అట్ట మీద పేరు రాసే పని చేతిరాత బాగున్న వాడిది. ఆ పనికి మాలో మాకు పోట్లాటలు. చందమామలైతే ఆరేసి నెలలవి కలిపి బైండు చేసేవారు. 1947లో మొదలైంది కదా చందమామ, మా ఊళ్లో మొదటి సంచికలు మేం పెరిగేసరికి బొమ్మలు చెరిగి, అంచులు నలిగి, ఆముదం మరకలతో ఉండేవి. తలకి నూనె పట్టించుకుని వచ్చి పుస్తకం మీద పడి నిద్రపోయిన వాళ్లవి ఆ మరకలు. కుటుంబరావు గారు సంపాదకుడు, దాసరి సుబ్రహ్మణ్యం గారి తోకచుక్క సీరియలు, చిత్రా గారి బొమ్మలు, వపా గారి అట్టలు, శంకర్ గారు వేసిన విక్రమార్కుడి భుజాన శవం. నెల మొదట్లో సంచిక కోసం పోస్టుమాన్ సైకిలు కనపడగానే పొలిమేర దాకా పరిగెత్తేవాళ్లం. ఆయన ఊళ్లోకి వచ్చే దారిలో చెట్టుకింద ఆగి తను ముందు చదువుకుని గానీ ఇచ్చేవాడు కాదు. అడిగితే, మీరైతే పోట్లాడుకుని చింపేస్తారురా, నేను చదివితే నష్టమేముందీ అనేవాడు. ఒక పుస్తకం ఊరంతా తిరిగి వచ్చేసరికి మళ్లీ నెల వచ్చేది. ఎదురుచూడ్డంలో ఉన్న రుచి మీకు తెలియదు. తెరిచిన పళంగా వెయ్యి కథలొచ్చి పడితే ఏ కథ మీద మనసు నిలుస్తుంది?

అయితే ఒక్క సంగతి. అంత గొప్ప అరుగు మీద కూర్చున్నదెవరని మీరడిగితే నేను తల దించుకోవాల్సిందే. ఊరవతల పల్లెలో పిల్లలు ఆ అరుగు ఎక్కేవారు కాదు. వద్దని బోర్డు పెట్టలేదెవరూ, పెట్టక్కర్లేకపోయింది. మా ఇంట గేదెలు కాసే కుర్రాడు నా ఈడువాడే, కాలవ గట్టు మీద కూర్చుని నేను చెబితే తోకచుక్క మొత్తం విన్నాడు. వాడు నాకంటే బాగా ఆ కథ తిరిగి చెప్పేవాడు. పుస్తకం మాత్రం వాడి చేతికి రాలేదు. మా అక్కయ్యకి పదకొండో ఏడు దాటాక వీధిలోకి రావడం బంద్, ఆమె చదివినవన్నీ నేను తెచ్చిచ్చినవే, నాకు నచ్చిన రకమే. పుస్తకాల్లో చూస్తే రాజులు, రాజకుమార్తెలు, మంత్రి కొడుకులు, తెలివైన బ్రాహ్మడు, లోభి షావుకారు. గేదెలు కాసే వాడు ఎప్పుడైనా కథలోకి వచ్చినా, చివరికి వాడొక రాజకుమారుడని తేలేది. గేదెలు కాస్తూనే గెలిచినవాణ్ణి నేనెక్కడా చదవలేదు.

ఆ విషయంలో ఇప్పటి పుస్తకాలు మెరుగని ఒప్పుకోక తప్పదు, మా కాలం మీద నాకెంత ప్రేమ ఉన్నా. హైదరాబాదులో అన్వేషి వాళ్లు 2008లో డిఫరెంట్ టేల్స్ అని ఒక వరస తెచ్చారు. గోగు శ్యామల గారి కథలో పిల్ల పొద్దున్నే లేచి పొలానికి నీళ్లు కట్టడానికి వెళుతుంది. ఖదీర్‌బాబు గారి కథలో ఇంట్లో తలకాయ కూర వండుకుంటారు. తలకాయ కూర! మా రోజుల్లో పిల్లల పుస్తకంలో పాయసమూ, అరిసెలూ, మహా అయితే పులిహోరా. ఊళ్లో సగం ఇళ్లల్లో ఆదివారం కమ్మగా ఉడికేదాని వాసన ఏ పుస్తకంలోనూ ఉండేది కాదు. ఇది మీరు సాధించిందే, కాదనను.

కానీ పిల్లల ఇంటి బతుకూ, ఇంటి మాటా పుస్తకంలోకి తేవడం మీరు కనిపెట్టింది కాదు సుమా. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు వందేళ్లకి ముందే సవరలు మాట్లాడే మాట నేర్చుకుని, సవర పిల్లలకి సవర భాషలోనే వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకి జీతాలు తానే ఇచ్చారు. ప్రభుత్వం మెచ్చి పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బు పెట్టి వాళ్లకి మంచి బడి కట్టండి అన్నారట. కొండల్లో తిరిగి మలేరియా వచ్చి, దాని మందులు వాడి వాడి చెముడు తెచ్చుకున్న మనిషి ఆయన. తర్వాత ఎంత కాలానికి, 2004 ప్రాంతాల్లో, ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో తెలుగు లిపితోనే ఒకటో తరగతి పిల్లలకి పుస్తకాలు వేశారు. ఇంటి మాటతో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తీసుకురావాలని ఏర్పాటు. బంగారం లాంటి పని. ఆ భాష వచ్చిన మేష్టర్నే ఆ బడిలో ఉంచాలి కదా? బదిలీల్లో ఆయన వెళ్లి ఇంకొకరు వస్తే ఆ పుస్తకం చదివి చెప్పేదెవరు? చూశారా, మళ్లీ మనిషి దగ్గరికే వచ్చాం.

రష్యా పుస్తకాల ముచ్చట చెప్పకపోతే మా తరం వాళ్లు నన్ను క్షమించరు. విశాలాంధ్ర వాళ్లు వ్యానులో పుస్తకాలు వేసుకుని ఊళ్లకి వచ్చేవారు. తిరనాళ్లకి బెల్లం జీళ్లు కొనడానికి ఇచ్చిన చిల్లరతో రంగురంగుల పెద్ద పుస్తకం వచ్చేది. గట్టి అట్ట, దళసరి కాగితం, తెరిస్తే ఒక రకం వాసన. మాస్కోలో కూర్చుని ఉప్పల లక్ష్మణరావు గారూ, రాచమల్లు రామచంద్రారెడ్డి గారూ లాంటి వాళ్లు తెలుగు చేసేవారు. మంచు ఎరగని మా ఊళ్లో పిల్లలం ఎలుగుబంట్లతో మంచులో నడిచాం. సమోవారంటే ఏమిటో తెలియక, అది వాళ్ల కాఫీ బాయిలరు అయి ఉంటుందని తీర్మానించుకున్నాం. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది, పుస్తకాలూ ఆగిపోయాయి. సికింద్రాబాదులో మంచి పుస్తకం వాళ్లు వాటిలో కొన్నింటిని మళ్లీ అచ్చువేసి, మన పిల్లల చేతికి అందే ధరకే ఇస్తున్నారు. ఇలాంటి పని ఇంకా జరుగుతోందంటే ఎక్కడో నాలాంటి మొండివాళ్లు ఇంకా మిగిలే ఉన్నారన్నమాట.

ఇక ఫోను సంగతి. బెంగుళూరులో ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో స్టోరీవీవర్ అని పెట్టారని మా మనవరాలు చూపించింది. వేల కథలు, పైసా ఇవ్వక్కర్లేదు, ఎవరైనా చదవచ్చు, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, తమ భాషలోకి మార్చుకోవచ్చు. తెలుగులో బోలెడున్నాయి, గోండీలోకి కూడా చేశారు. అక్షరాలు నేర్చుకునేవాళ్లకి ఒకటో మెట్టు, ధారాళంగా చదివేవాళ్లకి నాలుగో మెట్టు, ఇలా వరస పెట్టారు. అదంతా చూసి నాకు నోరు పెగల్లేదు కాసేపు. తర్వాత పెగిలింది. ఆ ఫోను ఎవరిదమ్మా? నాన్నది. నాన్న ఎక్కడున్నాడు? మిరపకోతకి వెళ్లాడు. ఫోనూ ఆయన జేబులోనే వెళ్లింది. రాత్రి ఇంటికొచ్చేసరికి చార్జింగు ఉండదు, ఉంటే పిల్లాడు కథ దాకా ఎక్కడికి వెళతాడు, మధ్యలో ఆటలున్నాయి, గంతులున్నాయి. ఫోనులో పుస్తకానికి ఆముదం మరక పడదు, చెల్లెలు పక్కన చేరి పేజీ తిప్పడానికి లేదు, పక్కింటికి అరువివ్వడానికి లేదు.

ఇలా తిడుతుండగానే మా మనవరాలు ఇంకో మాట చెప్పింది. వాళ్ల బడిలో ఒక టీచరమ్మ ఆ కథలే కాగితాల మీద అచ్చు తీసి, మధ్యకి మడిచి, పిన్నులు కొట్టి, గదిలో తాడు కట్టి బట్టలారేసినట్టు ఆరేసిందట. ఎవరికి కావలసింది వాళ్లు తెంపుకుని చదువుకుని మళ్లీ తగిలించాలి. ఖర్చు కాగితం ఖర్చే. పోతే ఇంకోటి తీస్తుంది, ఆడిటూ లేదు, రిజిస్టరూ లేదు. ఆ తల్లి ఎవరో గానీ పడవ గ్రంథాలయం నాటి మనిషి.

డబ్బు లేదని మాత్రం నాకు చెప్పకండి. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. రసీదు తీసి చూడండి, ఉంటుంది. అది వసూలు చేసిన చోటి నుంచి గ్రంథాలయ సంస్థకి చేరాలి. ఏళ్ల తరబడి బకాయిలని ప్రతి సంవత్సరం వింటూనే ఉన్నాం. బడులకైతే సమగ్ర శిక్ష కింద ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా, బడి స్థాయిని బట్టి, పుస్తకాలకే కేటాయింపు ఉంది. ఆ డబ్బుతో కొన్న పుస్తకాలు ఏవో, ఎవరు ఎంచారో మీ నాన్నలెవరైనా అడిగారా? స్కూలు కమిటీలో సంతకం పెట్టడానికి వెళుతున్నారు కదా, ఆ పూటే అడగచ్చు. మంచి నీతులూ, మహాపురుషుల జీవితాలూ వంద కాపీలు తెచ్చిపడేస్తే బీరువా నిండుతుంది గానీ పిల్లాడు దాని దరికి రాడు. పిల్లాడికి దయ్యం కావాలి, దొంగ కావాలి, తన ఊరి చెరువు కావాలి, తన ఇంట్లో వండే కూర కావాలి.

కాబట్టి నేను చెప్పేదేమిటంటే, ఆ తాళంచెవి కోసం డిప్యుటేషన్ మేష్టారు తిరిగొచ్చేదాకా ఆగక్కర్లేదు. హెడ్మాస్టరుగారితో నేను మాట్లాడాను. రిజిస్టరు ఏడో తరగతి ఆడపిల్లలకి అప్పగిస్తామన్నారు, వాళ్లయితే లెక్క తప్పరు. పల్లె వైపూ, ఎరుకల ఇళ్ల వైపూ ఆదివారం పుస్తకాల సంచీ పట్టుకెళ్లడానికి ఇద్దరు కావాలి, మా గేదెలు కాసిన ఆ కుర్రాడి మనవడు ఒకడు వస్తానన్నాడు, రెండోవాడు మీలోంచి ఎవడో తేల్చుకోండి. చదవడం రానివాళ్లకి చదివి వినిపించాలి, గొంతు పెద్దగా ఉండాలి, ఆవలించకూడదు. మైదాపిండీ, మైలుతుత్తమూ, దబ్బనమూ నేను తెస్తాను, చూపు ఆనకపోయినా కుట్టడం మరిచిపోలేదు. సంక్రాంతి లోపు చిరిగిన పుస్తకాలన్నీ నా దగ్గరికి తీసుకురండి. ఒక్కటీ చిరగలేదని మాత్రం వచ్చి చెప్పారో, మీకుంది నా చేతిలో.